వ్యాయామ గురువు

అస్త్రవిద్యలో ఆరితేరిన వారందరూ ద్రోణాచార్యులు కాలేరు. తాను చేయగలగడం వేరు, ఎదుటివారి చేత చేయించగలగడం వేరు. క్రీడలకూ ఈ నియమం వర్తిస్తుంది. ఆటగాడు ఉపాధ్యాయుడు కావాలంటే ప్రత్యేక శిక్షణ అవసరం. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం జీవితమే ఇందుకు నిదర్శనం.

1909లో జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులై ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. విద్యార్థి దశలోనే మంచి ఫుట్‌బాల్ ఆటగాడిగా పేరుపొందినా, ఆ అనుభవమే చాలునని ఊరుకోలేదు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. దారుల్ ఉలూం పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను క్రీడల బాధ్యతలు నిర్వహించారు.

ఫుట్‌బాల్ శిక్షకుడైన తరువాత కూడా ఆయనలోని ఉపాధ్యాయుడు మరుగున పడలేదు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో ఒక పోటీ, బంతిని తనవద్దే ఉంచుకోక సహచరునికి అందించాలనే నియమంతో మరొక పోటీ నిర్వహించేవారు. లోపాన్ని గుర్తించి, దానిని సరిదిద్దే అభ్యాసాన్ని రూపొందించడమే బోధన. ఆ బోధన ఫలించింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. 1962లో క్యాన్సర్ బాధిస్తున్నా, జకార్తాలో జట్టును మరల విజేతగా నిలిపారు. మరుసటి ఏడాది కన్నుమూశారు.

నేడు ఈ వృత్తిని కోరేవారికి ఇంటర్మీడియట్ తరువాత రెండేళ్ల డి.పి.ఎడ్., డిగ్రీ తరువాత రెండేళ్ల బి.పి.ఎడ్. కోర్సులున్నాయి. పీఈసెట్‌లో దేహ సామర్థ్యాన్ని, క్రీడా నైపుణ్యాన్ని పరీక్షిస్తారు. శిక్షణలో ఆటలతోపాటు శరీర నిర్మాణం, మనోవిజ్ఞానం, యోగా, బోధనాభ్యాసం ఉంటాయి.

ఆటల పీరియడును ఇతర పాఠాలకు అప్పగించే పాఠశాలలు నేటికీ ఉన్నాయి. అక్కడ నష్టపోయేది రేపటి క్రీడాకారుడు మాత్రమే కాదు. పరుగెత్తలేక గట్టున నిలబడిన బాలుడు కూడా. అతనిని మైదానంలోకి దింపగలిగినవాడే నిజమైన వ్యాయామ గురువు.

అర్థాలు
నిదర్శనం = ఉదాహరణ
మరుగున పడు = కనబడకుండా పోవు


ప్రశ్నలు
1. రహీం శిక్షణ పద్ధతులలోని ప్రత్యేకతను వివరించండి.
2. ఆటగాడికీ వ్యాయామ ఉపాధ్యాయుడికీ గల భేదమేమి?