ఊరి దారి – వేగ పరిమితి

వేగము నేటి నాగరికతకు గుర్తు. కాని ఊరి నడుమ నుండి పోవు దారిలో వేగమునకు హద్దు ఉండవలెను. ఆ హద్దు అందరికీ అర్థమగునట్లు ఒకే పద్ధతిలో ఉండవలెను. ఈ రెండవ విషయమునే మనమిచ్చట పరిశీలింతము.

సారపాక బూర్గంపాడు మండలములో, గోదావరికి ఈవల, భద్రాచలమునకు ఎదురుగా ఉన్నది. 1965లో వారధి ప్రారంభమైన నాటి నుండి పాల్వంచ, మణుగూరుల వైపు నుండి భద్రాచలము పోవు వాహనములకు ఇదియే ముఖద్వారము. యాత్రికుల బస్సులు, కాగితపు మిల్లుకు కలప తెచ్చు లారీలు ఇచటికే చేరును. అడవి దారి వేగమునకు అలవాటుపడిన డ్రైవరు కొద్దిసేపటిలోనే అంగళ్ళ నడుమకు వచ్చును. అచట సైకిళ్ళు, ఆటోలు, పశువులు, బడిపిల్లలు ఒకే దారిని పంచుకొందురు.

చట్టము

1988 నాటి మోటారు వాహనముల చట్టము 112వ సెక్షను వేగ పరిమితులను గూర్చి చెప్పును. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ప్రకారము నాలుగు వరుసలు లేని సాధారణ రహదారులపై గరిష్ఠ వేగము గంటకు కారుకు 70, బస్సు, లారీ, మోటారు సైకిళ్ళకు 60, ఆటోకు 50 కిలోమీటర్లు. ఇది దాటరాని హద్దు. ప్రతిచోట పోవలసిన వేగము కాదు. ప్రజల భద్రత దృష్ట్యా ఒక రోడ్డుకు గాని వంతెనకు గాని ఇంతకన్న తక్కువ పరిమితిని రాష్ట్ర ప్రభుత్వము గెజిటులో ప్రకటించి, బోర్డులు పెట్టి అమలు చేయవచ్చును.

లెక్క

ప్రమాదమును గుర్తించి బ్రేకు నొక్కుటకు ఒక సెకను పట్టుననియు, బ్రేకు నొక్కిన పిదప ప్రతి సెకనుకు కారు వేగము సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుననియు అనుకొందము. 40 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు సుమారు 20 మీటర్లలో నిలుచును. 60 వేగముతో వచ్చునది నిలుచుటకు సుమారు 36.5 మీటర్లు పట్టును. మొదటి కారు నిలిచిన చోటికి చేరునప్పటికి రెండవ కారు ఇంకను 55 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. అచట ఒక పిల్లవాడు నిలిచియున్నచో ఫలితమును వేరుగా చెప్పనక్కరలేదు.

సగటు వేగము 1 శాతము పెరిగిన ప్రాణాంతక ప్రమాదములు సుమారు 4 శాతము పెరుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పాదచారులు వాహనములతో తరచుగా కలియు చోట్ల 30 కిలోమీటర్లే హద్దుగా ఉండవలెనని 2020లో స్టాక్‌హోమ్ ప్రకటన కోరినది.

ఏకరూపత

ఏకరూపత అనగా అన్ని దారులకు ఒకే అంకె అని అర్థము కాదు. ఒకే విధమైన దారికి ఒకే హద్దు ఉండవలెనని అర్థము. అడవి దారికి ఒకటి, ఊరి పొలిమేరకు ఒకటి, బడి, మసీదు, గుడి, అంగడి ఉన్న చోటికి ఒకటి చాలును. కారణము కనబడకుండ 60, 30, 50 అని బోర్డులు మారినచో డ్రైవరు దేనినీ లెక్కచేయడు. ఎర్రని వలయములోని అంకె తెలుగు, ఉర్దూ, కోయ, హిందీ ఏ భాష వారికైనను తెలియును. దానికి గౌరవము నిలుపుట అధికారుల బాధ్యత.

విద్యార్థులమైన మనము మన దారుల పటము గీసి, జనసంచారము గల చోట్లను, బోర్డులు లేని చోట్లను గుర్తించి కళాశాల కమిటీ ద్వారా అధికారులకు అందజేయవచ్చును. కాని బోర్డు లేని చోట కూడ మోటారు సైకిలు పగ్గము మన చేతిలోనే ఉన్నది.