సత్తు గిన్నె కొనే ముందు

మన ఇళ్లలో సత్తు గిన్నెలు చాలా ఉంటాయి. కొన్ని ఊళ్లలో వీటిని సిల్వర్ గిన్నెలు అంటారు. కాని వీటిలో వెండి లేదు. ఈ లోహం పేరు అల్యూమినియం.

మొన్న చదువుకునేటప్పుడు ఒక అక్క అడిగింది.

"టీచరమ్మా! మా పాత సత్తు గిన్నె పదేళ్లయినా బాగుంది. సంతలో కొన్నది నెలకే సొట్టలు పోయింది. అడుగున గుంటలు పడ్డాయి. రెండూ సత్తువే కదా?"

సత్తు అంతా ఒకటి కాదు అక్కా. నగ చేసేటప్పుడు బంగారంలో కొంచెం రాగి కలుపుతారు. ఎందుకు? ఒట్టి బంగారం మెత్తన. సత్తు కూడా అంతే. అందుకే దానిలో వేరే లోహాలు కలుపుతారు.

ఏది కలిపితే ఏమవుతుంది?

మాంగనీసు: నూరు పాళ్లలో ఒక పాలు కలిపినా సత్తు గట్టిపడుతుంది. వంట గిన్నెలకు మంచిది.

మెగ్నీషియం: ఉప్పునీటికి తట్టుకుంటుంది. పడవలకు వాడతారు.

సిలికాన్: కరిగిన సత్తు బాగా పారుతుంది. పోత సామాన్లకు వాడతారు.

రాగి: బలం చాలా ఎక్కువ. విమానాలకు వాడతారు. కాని ఉప్పు తగిలితే త్వరగా గుంటలు పడతాయి. వంటకు పనికిరాదు.

తుక్కుతో ముప్పు

పాత ఇంజను ముక్కలు, తుక్కు కరిగించి కొందరు గిన్నెలు పోస్తారు. అందులో ఏం కలిసిందో తెలియదు. సీసం ఉండవచ్చు. సీసం విషం. అది కూరలోకి దిగినా రుచి మారదు. పసిపిల్లల మెదడు ఎదగనివ్వదు. కడుపుతో ఉన్నవాళ్లకూ హాని. చవక అని కొంటే పిల్లలకు ముప్పు.

కొనేటప్పుడు

1. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. సత్తు గిన్నెలకు ఈ గుర్తు ఉండాలని 2024లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గుర్తు పైనా, కిందా అంకెలు ఉండాలి.
2. అంచు నొక్కి చూడండి. పలచని రేకు వంగుతుంది.
3. ఏ గుర్తూ లేని పోత గిన్నె కొనవద్దు.

వాడేటప్పుడు

"కొత్త గిన్నెలో ఏం వండుతారక్కా?" అని అడిగాను.

"చారు కాస్తాను. తెల్లారేదాకా అందులోనే ఉంచుతాను" అంది.

పులుపు, ఉప్పు సత్తును తింటాయి. చారు, పులుసు, పెరుగు, ఊరగాయ సత్తులో నిలవ ఉంచవద్దు. స్టీలు గిన్నెలోకో, జాడీలోకో మార్చండి.

తర్వాతి సంతలో ఆ అక్క ఒక గిన్నె తిరగేసి చూసింది. "అంకెలేవి నాయనా?" అని అడిగింది. అమ్మేవాడు మాట్లాడలేదు. అక్క గిన్నె కింద పెట్టి వచ్చేసింది.

మీరు చేయండి: మీ ఇంట్లో గిన్నెలు తిరగేసి చూడండి. వాటి మీద ఉన్న అంకెలు పలక మీద రాయండి.