మిరప చేలో తండ్రీ కొడుకుల సంప్రదింపు



2021-22లో పల్నాటి మిరప తోటలను నల్ల తామరపురుగు పాడుచేసిన సంగతి మీరెరుగుదురు. పెద్దవారు అలవాటు చొప్పున ఆకులు చూచిరి. ఆకు పైకి ముడుచుకొనిన తామరపురుగు, క్రిందికి ముడుచుకొనిన నల్లి. ఈ గుర్తు నేటికిని పనికివచ్చునదే. కాని ఈ కొత్త పురుగు ఎక్కువగా పూలలో దాగును. పూత రాలిపోవును, కాయ నిలువదు. కనుక తెల్లకాగితముపై పూలు దులిపి చూడవలెను. ఈ పని కుర్రవాని కండ్లకు సులువు.

మందు దగ్గర తొందరపడునదియు ఆ కుర్రవాడే. దుకాణములో చెప్పిన మూడు మందులు కలిపి కొట్టుటకు బయలుదేరును. "ఒరేయ్, యూరియా తగ్గించరా, చేను చుట్టూ రెండు మూడు సాళ్లు జొన్న వెయ్యరా అంటే విన్నావా?" అని తండ్రి గొణుగును. ఆ గొణుగుడులో శాస్త్రమున్నది. నత్రజని మించిన లేత చిగుళ్లపై రసము పీల్చు పురుగులు ఎగబడును. విచ్చలవిడిగా కొట్టిన మందులకు వానిని తిను మిత్రపురుగులు చచ్చును. ముందుగా ఎదిగిన జొన్న కొంతవరకు అడ్డుగా నిలుచును.

కౌలు చేలో అప్పు పెట్టుబడి పెట్టినవారికి తగవులాడుకొను వ్యవధి ఎక్కడిది? అబ్బాయి నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె తెత్తునన్నచో "మా కాలములో ఇవి లేవు" అని త్రోసివేయకుడు. అబ్బాయీ, నీవును డబ్బా కొనకముందు నాయనను చేనికి తీసికొనిపొమ్ము. గట్టు పక్కనే గాక చేను నడుమ కూడ పది పదిహేను మొక్కల పూలు దులిపి ఇద్దరును చూడుడు.