మేనరికం మీదికి నెట్టకండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు మన ఇండ్లల్లో ఎవరికి నరాల జబ్బొచ్చినా ముందు వినపడే మాట ఒకటే: "మేనరికం చేసుకున్నరు కదా!" తిరిగి తిరిగి ఆ మాట కోడలి మీదనే పడుతుంది. అందుకే చెల్లెళ్లారా, ఇవ్వాళ హంటింగ్టన్ జబ్బు ముచ్చట. దీనికీ మేనరికానికీ సంబంధమే లేదు.

ముప్పై, నలభై ఏండ్ల దాకా బాగానే ఉన్న మనిషికి చేతులు వాటంతటవే కదులుతుంటాయి. నడక తూలుతుంది. ఊరికే కోపం, మతిమరుపు. బయటివాళ్లు తాగుబోతంటారు, ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. చుక్క ముట్టని మనిషికి ఎంత అన్యాయం! 1872లో జార్జ్ హంటింగ్టన్ అనే కుర్ర డాక్టరు అమెరికాలో దీని గురించి రాశాడు. ఆయన తాతా తండ్రీ కూడా డాక్టర్లే. అవే కుటుంబాలను తరాలుగా చూసినవాళ్లు.

4వ క్రోమోజోములోని ఒక జన్యువులో సి-ఏ-జి అనే మూడక్షరాలు మనందరికీ మళ్లీ మళ్లీ వస్తాయి, బతుకమ్మ పాటలో వంత పలికినట్టు. 26 సార్ల దాకా భయం లేదు. 27 నుంచి 35 ఉంటే ఆ మనిషికి రాదు గానీ పిల్లల్లో సంఖ్య పెరగొచ్చు. 36 నుంచి 39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆయుష్షున్నంతలో వచ్చి తీరుతుంది. సంఖ్య ఎంత ఎక్కువైతే అంత చిన్న వయసులో. ఆ సంఖ్య బాగా పెరిగేది చాలామట్టుకు తండ్రి నుంచి బిడ్డకు వచ్చేటప్పుడే. ఎప్పుడూ పిల్ల తరఫువాళ్లనే దెప్పే పెద్దమనుషులకు ఈ సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది నాకు.

తల్లిదండ్రుల్లో ఒక్కరి దగ్గర అట్లా సంఖ్య పెరిగిన జన్యువున్నా చాలు. కొడుకైనా కూతురైనా ప్రతి ఒక్కరికీ సగానికి సగం అవకాశం. మేనరికం నిజంగా చిక్కు తెచ్చేది ఫ్రీడ్రిక్ అటాక్సియా లాంటి వాటిలో. అదీ మూడక్షరాలు పెరిగే జబ్బే, కాకపోతే అమ్మ నుంచీ నాన్న నుంచీ, ఇద్దరి నుంచీ రావాలి. దగ్గరి రక్తమైతే ఆ ముప్పు ఎక్కువ.

అమెరికాలో ఆలిస్, నాన్సీ వెక్స్లర్ అని అక్కాచెల్లెళ్లు. 1968లో వాళ్లమ్మకు ఈ జబ్బని తేలింది. ఆమె ముగ్గురు అన్నదమ్ములకూ ఇదే. నాన్సీ వెనెజువెలాకు పోయి, ఈ జబ్బు ఎక్కువగా ఉన్న మరకైబో సరస్సు ఒడ్డు పల్లెల్లో ఇంటింటి వంశవృక్షాలు గీసి, రక్తనమూనాలు పోగుచేసింది. వాటి పుణ్యమా అని 1993లో జన్యువు దొరికింది. తనకూ అదే జబ్బుందని 2020లో ఆమే బయటపెట్టింది. ఎంత గుండె నిబ్బరం!

నయం చేసే మందు ఇంకా లేదు. కదలికలను తగ్గించే మందులున్నాయి, దిగులుకూ ఉన్నాయి. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి జెనెటిక్స్ విభాగముంది, ఉప్పల్‌లో జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ఉంది. పరీక్షకు ముందు కౌన్సెలింగ్ తప్పనిసరి అనుకోండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు పద్దెనిమిది నిండేదాకా చేయించొద్దు. పెద్దయ్యాక తెలుసుకోవాలా వద్దా అనేది వాళ్లిష్టం; అత్తింటివాళ్లు పట్టుబట్టి చేయించేది కాదు.

డాక్టరు దగ్గరికి పోయేముందు తాతలు, మేనత్తలు, బాబాయిలలో ఎవరికి ఏ వయసులో ఏమైందో కాగితం మీద రాసుకోండి. "తాగి తాగి పోయిండు" అని ఊరంతా చెప్పుకునే తాత పేరు కూడా రాయండి.