చూడి గేదెకు నట్టల మందు: తేదీ చూసి తాగించాలి

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామాలలో సాగరు ఎడమ కాలువ నీరు పారే పొలాల వెంట, చెరువుల అంచున మేసే గేదెలకు కార్జపు జలగ పట్టడం సభ్యులకు తెలిసినదే. పారుడు, దవడ కింద నీరు దిగడం, పాలు తగ్గడం దీని గుర్తులు. వానలు వెనుకబట్టగానే నట్టల మందు తాగించమని మనం చెబుతూ వస్తున్నాము. అయితే గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చి చూలు కట్టేది కూడా ఆ నెలలలోనే. అందువల్ల ఒక జాగ్రత్త అవసరం.

నట్టలకు ఎక్కువగా వాడే ఆల్బెండజోల్ మందును చూలు మొదటి నెలన్నరలో తాగిస్తే పిండం చనిపోవచ్చు, లేదా దూడ అవకరంతో పుట్టవచ్చు. అవయవాలు ఏర్పడే రోజులవి. చేయి పెట్టి చూసి చూలు నిర్ధారించడానికి డాక్టరుకు సుమారు రెండు, మూడు నెలలు కావాలి. అంటే చూలు సంగతి తెలిసేసరికే ప్రమాద కాలం దాటిపోతుంది. గేదె చూలు సుమారు 310 రోజులు. అది పోతే పాలు లేని మేత ఖర్చు రైతు నెత్తిన పడుతుంది.

సభ్యులు పాటించవలసినవి:

1. దున్నపోతుతో దాటించినా, కృత్రిమ గర్భోత్పత్తి చేయించినా, అంతకు ముందే నట్టల మందు తాగించడం మేలు.

2. ఆ తేదీ రాసి ఉంచాలి. చూలు లేదని తేలేవరకు ఆ గేదెను చూడి గేదెగానే లెక్కించాలి.

3. జబ్బు చేసిన చూడి గేదెకు వైద్యం ఆపరాదు. డాక్టరుకు తేదీ చెబితే తగిన మందు ఇస్తారు. ఆక్సిక్లోజనైడ్ వంటివి చూడి పశువులకు వాడుతున్నారు.

4. డెక్సామెథసోన్ ఇంజెక్షను నిండు చూలులో ఈసుకుపోయేటట్లు చేయగలదు. ఎదకు రప్పించే ప్రోస్టాగ్లాండిన్ కూడా అంతే. ఈ రెండవ మందు చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది. గర్భిణీ స్త్రీలు ఆ సీసాను, సూదిని ముట్టరాదు.

ఈ నియమం ఇంటి ఆడవారికీ వర్తిస్తుంది. గర్భిణికి మొదటి మూడు నెలలలో ఆల్బెండజోల్ బిళ్ల ఇవ్వరు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ బిళ్లలను వేవిళ్లకు, నిద్రకు వాడారు. 1961 చివర అక్కడ అమ్మకం ఆపారు. వివిధ దేశాలలో పదివేలమందికి పైగా పిల్లలు కాళ్లు చేతులు సరిగా ఏర్పడక, మరికొన్ని లోపాలతో పుట్టారు. ఆ తల్లులలో కొందరు మింగినవి కొద్ది బిళ్లలే.

కనుక నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా, ఆ మాట చెప్పకుండా మందుల దుకాణంలో బిళ్ల కొనరాదు. అట్లని మందులన్నిటికీ భయపడనవసరం లేదు. డాక్టరు చెప్పిన ఇనుము, ఫోలిక్ ఆమ్లం బిళ్లలు మానరాదు. మూర్ఛకు మందు వాడేవారు సొంతంగా ఆపక, గర్భం తలపెట్టే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

సంఘ కార్యదర్శులు ఊరిలో నట్టల మందు పంపిణీకి ముందురోజు గర్భోత్పత్తి రిజిస్టరు తీసి, గత రెండు నెలల పేర్లను పాల కేంద్రం వద్ద చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.