బర్జిల్లయి మాట విన్న రాజు

పఠింపవలసిన భాగము: 2 సమూయేలు 19:31–39



అబ్షాలోము తిరుగుబాటు కాలమున దావీదునకు మహనయీములో పరుపులు, గోధుమలు, కాయధాన్యములు తెచ్చినవారిలో బర్జిల్లయి ఒకడు. తరువాత రాజు అతనిని యెరూషలేమునకు రమ్మని, తానే పోషింతునని పిలిచెను. 80 ఏండ్ల ఆ వృద్ధుడు తన సంగతి దాచలేదు. తిండి రుచి తెలియదు, పాటగాండ్ర స్వరము వినబడదు, తలిదండ్రుల సమాధియున్న స్వంత ఊరిలోనే కన్నుమూయ గోరుచున్నాననెను. దావీదు బలవంతము చేయలేదు. అంతయు విని, ముద్దుపెట్టుకొని, దీవించి పంపెను. మేలు చేయగోరువాడు మొదట వినవలెను. ఇదియే మన పాఠము.

మన జిల్లాకు ఇది క్రొత్త కాదు. 1915లో డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారి సేవతోను, రాజా నర్సాగౌడుగారి ద్రవ్యసహాయముతోను కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొనెను. ఎవరును దరిచేరని వారిని అచ్చట చేరదీసిరి.

నేడు మన వర్ని ప్రాంతములో కొడుకులు గల్ఫు దేశములకు పోగా, అనేక ఇండ్లలో ముసలివారే మిగులుచున్నారు. 2010లో ఆరంభమైన వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమము, మంచము పట్టినవారిని ఇంటియొద్దనే చూడవలెనని చెప్పుచున్నది. నర్సమ్మ గడపలోనికి వచ్చుట మేలే. అయితే బి.పి. చూచుట ఒక పని, మనసు తెలిసికొనుట మరియొక పని.

మేమెరిగిన ఒక అవ్వ తన బి.పి. మాత్రలను దిండు క్రింద దాచుచుండెను. "గోలీలు వేసుకుంటున్నవా అవ్వా?" అని అడిగినప్పుడెల్ల, "వేసుకుంటున్న బిడ్డా" అనెడిది. బి.పి. మాత్రము దిగలేదు. ఒకనాడు నర్సమ్మ పుస్తకము మూసి, మంచము ప్రక్క పీటపై కూర్చుండి, "రాత్రి నిద్ర పడుతున్నదా అవ్వా?" అని అడిగి ఊరకుండెను. కొంతసేపటికి అవ్వ కన్నీరు పెట్టుకొనెను. "ఆ గోలీ వేసుకుంటే రాత్రి ఊకె ఊకె బయటికి పోవాలె. చీకట్ల పడితే నన్ను లేపేటోళ్లెవరు బిడ్డా?" నర్సమ్మ డాక్టరుతో మాటలాడగా, మూత్రము ఎక్కువ చేయు ఆ మాత్రను ఆయన ఉదయమునకు మార్చెను. అబద్ధమాడితివని గద్దించియుండిన ఈ భయము బయటపడెడిదా?

మనము నేర్చుకొనవలసినవి:

1. ఎదుట కూర్చుండవలెను. వృద్ధాప్యమున సన్నని ధ్వనులు మొదట వినబడకపోవును. గనుక అరచుటకంటె, ముఖము కనబడునట్లు కూర్చుండి మెల్లగా, తేటగా పలుకుట మేలు.

2. జవాబుకొరకు కనిపెట్టవలెను. ప్రశ్నమీద ప్రశ్న వేసినచో "బాగానే ఉన్న" అన్న మాటే వచ్చును.

3. ఏడ్చువారిని "ఏం కాదులే" అని తోసివేయరాదు. "కొడుకు దూరముండె, బెంగగా ఉన్నది గదా" అన్నచో గుండె తేలికపడును.

ఇంటివారికొక మాట. అవ్వను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పకుడి. నర్సమ్మయు ఎండలో ఇల్లిల్లు తిరిగి అలసినదే. ఆమెకు పీట వేసి, మంచినీళ్లిచ్చి, ఆ వారమంతయు ఎట్లు గడచినదో తెలుపుడి.

ఆలోచించుటకు: మన సంఘములో మంచము పట్టినవారెవరు? వారు చెప్పదలచి చెప్పలేకపోయిన మాట ఏది? ఈ నెలలో ఒక సాయంకాలము వారి ప్రక్కన కూర్చుండి విందము.