సిమెంటు కంపెనీ షేరు: కొన్నదెవరు, అమ్మిందెవరు?

ఉపోద్ఘాతం

ఇల్లు కట్టుకున్నవారికి సిమెంటు బస్తా ధర బాగా తెలుసు. బస్తాకు పది రూపాయలు పెరిగితే నాలుగు దుకాణాలు తిరుగుతాం, మేస్త్రీతో లెక్క వేయిస్తాం, వీలైతే స్లాబు పని వచ్చే నెలకు వాయిదా వేస్తాం. మరి ఆ సిమెంటు తయారుచేసే కంపెనీలో వాటా కొనేటప్పుడు? చాలామంది ఆపాటి బేరం కూడా ఆడరు. "ఇంకా పెరుగుతుందట" అన్న ఒక్క మాట విని, చిట్టీ పాడిన డబ్బు తెచ్చి పెడతారు.

బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు పొదుపు గురించి వెనుకటి పాఠంలో చదివారు. అక్కడ వడ్డీ ఎంతో ముందే చెబుతారు. షేర్లలో అలా చెప్పేవారు ఉండరు. ఈ పాఠం చదివిన తర్వాత మీరు షేరు ముఖవిలువకూ మార్కెట్ ధరకూ ఉన్న తేడా చెప్పగలుగుతారు. ఒక షేరు ధరను కంపెనీ సంపాదనతో పోల్చి లెక్క కట్టగలుగుతారు. 1992లో ఒక సిమెంటు షేరు చుట్టూ ఏం జరిగిందో వివరించగలుగుతారు.

1. వాటా అంటే ఏమిటి?

మీ ఊళ్లో ఒక రైసు మిల్లు ఉందనుకోండి. వెయ్యి మంది తలా వంద రూపాయలు వేసుకుని ఎప్పుడో దాన్ని పెట్టారు. కాగితం మీద రాసి ఉన్న ఆ వంద రూపాయలే ముఖవిలువ. ఖర్చులు, పన్నులు పోను మిల్లుకు ఇప్పుడు ఏడాదికి 2,00,000 రూపాయలు మిగులుతోంది. అంటే ఒక్కో వాటా సంపాదన 200 రూపాయలు. అందులో కొంత వాటాదారులకు పంచుతారు, అది డివిడెండు. మిగతాది మిల్లు బాగుకే వాడతారు.

ఇప్పుడు ఒకరు తన వాటా అమ్మదలచుకున్నారు. 2,000 రూపాయలు అడిగారు. మీరేం ఆలోచించాలి? "2,000 పెడితే ఏడాదికి 200 సంపాదించే ఆస్తి వస్తుంది. పదేళ్ల సంపాదనకు సమానమైన ధర ఇస్తున్నాను" అని ఆలోచించాలి. మిల్లు సంపాదన పెరిగే అవకాశం ఉంటే ఈ ధర బాగున్నట్టే. తగ్గే సూచన ఉంటే ఎక్కువే.

ధరను ఒక్కో షేరు వార్షిక సంపాదనతో భాగిస్తే వచ్చే ఈ అంకెను ధర–సంపాదన నిష్పత్తి అంటారు. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు మనకు పని పడుతుంది.

అదే వాటాను మరునాడు ఒకరు 5,000కు, ఆ పైవారం ఇంకొకరు 20,000కు కొన్నారనుకుందాం. మిల్లులో యంత్రాలు అవే. ఆడే ధాన్యం అదే. సంపాదన కూడా అదే 200. మారింది ఒక్కటే. తన తర్వాత ఇంకా ఎక్కువ ఇచ్చేవారు వస్తారని కొన్నవారు నమ్మారు.

2. ఏసీసీ అనే కంపెనీ

అసోసియేటెడ్ సిమెంట్ కంపెనీస్, క్లుప్తంగా ఏసీసీ, 1936లో పది సిమెంటు కంపెనీలు కలిసిపోగా ఏర్పడింది. మంచిర్యాలలో ఒకప్పుడు దీని ఫ్యాక్టరీ ఉండేది. ఆ పరిసరాలను అక్కడివారు ఏసీసీ అనే పిలుచుకుంటారు. బొంబాయి మార్కెట్లో బాగా చేతులు మారే షేర్లలో ఇదీ ఒకటిగా ఉండేది. ఆ రోజుల్లో దాని ముఖవిలువ 100 రూపాయలు.

సిమెంటు ధర చాలాకాలం ప్రభుత్వ నియంత్రణలో ఉండేది. 1982లో నియంత్రణ కొంత సడలింది, 1989లో పూర్తిగా తొలగింది. 1991 జూలైలో ఆర్థిక సంస్కరణల బడ్జెటు వచ్చింది. ఇక కట్టడాలు పెరుగుతాయి, సిమెంటు కంపెనీలకు మంచి రోజులు వస్తాయి అని అనుకోవడానికి కారణాలు ఉన్నాయి. ఈ సంగతి ముందే చెప్పడం అవసరం. లేకపోతే ఆ షేరు కొన్నవారందరూ బుద్ధిలేనివారని మీరు అనుకోవచ్చు. అలా కాదు. మొదట్లో వారి ఆశకు ఆధారం ఉంది.

3. ధర ఎలా పరుగెత్తింది?

1991–92 కాలంలో ఏసీసీ షేరు సుమారు 200 రూపాయల నుంచి 9,000 రూపాయల దాపుకు వెళ్లిందని ఆ కాలపు చరిత్ర రాసినవారు చెబుతారు. అంటే దాదాపు 45 రెట్లు. కంపెనీ అమ్మిన సిమెంటు 45 రెట్లు కాలేదు. లాభమూ కాలేదు.

మన మిల్లు లెక్కలో పెట్టి చూడండి. 2,000 రూపాయల వాటా 45 రెట్లయితే 90,000. సంపాదన మాత్రం 200 దగ్గరే ఉంది. 90,000ను 200తో భాగిస్తే 450. పెట్టిన డబ్బు సంపాదన రూపంలో తిరిగి రావాలంటే 450 ఏళ్లు పట్టాలి. గోల్కొండ సుల్తానుల కాలంలో కొన్న వాటాకు ఈనాటికి డబ్బు గిట్టుబాటవుతుందన్నమాట!

ఈ ధరను సమర్థిస్తూ బొంబాయి బ్రోకరు హర్షద్ మెహతా ఒక వాదన ప్రచారం చేశారు. పాత కంపెనీ విలువ దాని లాభంలో లేదు, అలాంటి ఫ్యాక్టరీని ఇవాళ కొత్తగా కట్టాలంటే అయ్యే ఖర్చులో ఉంది అని ఆ వాదన. వినడానికి బాగుంటుంది, కొంత నిజం కూడా ఉంది. పాత ధరల్లో కట్టిన ఫ్యాక్టరీ పద్దుల్లో తక్కువ విలువకే కనిపిస్తుంది. కాని మళ్లీ మిల్లు దగ్గరికి రండి. అలాంటి మిల్లు ఇవాళ కట్టడానికి కోటి రూపాయలు అవుతుందనుకుందాం. ఏడాదికి రెండు లక్షలు మిగిలే మిల్లును ఆ కారణంతో కోటి పెట్టి కొంటారా? మిల్లును అమ్మేసి డబ్బు పంచుకునే ఉద్దేశం ఎవరికీ లేనప్పుడు, కట్టడానికయ్యే ఖర్చు వాటాదారు చేతికి రాదు. అతని చేతికి వచ్చేది సంపాదనే.

పాఠ్యగత ప్రశ్నలు – 1
(అ) ముఖవిలువ 10 రూపాయలు, మార్కెట్ ధర 360, ఒక్కో షేరు వార్షిక సంపాదన 12 రూపాయలు. ధర–సంపాదన నిష్పత్తి ఎంత?
(ఆ) పై లెక్కలో మీకు అవసరం లేని అంకె ఏది?

4. ఆ డబ్బు ఎక్కడిది?

ఒక షేరును అంత ఎత్తుకు తీసుకుపోవాలంటే ఎవరో ఒకరు ఆగకుండా కొంటూ పోవాలి. అందుకు డబ్బు కావాలి. అది బ్యాంకుల నుంచి వచ్చింది.

బ్యాంకులు తమ డిపాజిట్లలో కొంత భాగాన్ని ప్రభుత్వ బాండ్లలో పెట్టాలన్నది నియమం. నాలుగు రోజులకు డబ్బు అవసరమైన బ్యాంకు తన బాండ్లను మరో బ్యాంకుకు అమ్మి, ఫలానా తేదీకి తిరిగి కొంటానని ఒప్పుకొనేది. పేరుకు అమ్మకం, నిజానికి చేబదులు. ప్రతిసారీ బాండ్లు చేతులు మార్చకుండా, "బాండ్లు మా దగ్గర ఉన్నాయి" అని రాసిచ్చే బ్యాంకు రసీదుతో సరిపెట్టేవారు. మధ్యలో బ్రోకరు ఉండేవాడు.

లోపం ఇక్కడే వచ్చింది. బ్యాంకు పేర రాసిన చెక్కు బ్రోకరు ఖాతాలో జమ అయ్యేది. కొన్ని రసీదుల వెనుక బాండ్లే లేవు. బ్యాంక్ ఆఫ్ కరాడ్, మెట్రోపాలిటన్ కోఆపరేటివ్ బ్యాంకు అనే రెండు చిన్న బ్యాంకులు అలాంటి రసీదులు ఇచ్చాయని తర్వాత బయటపడింది. డిపాజిటుదారుల డబ్బు కొన్నాళ్లపాటు షేర్ల బజారులో తిరిగింది. ఈ సంగతి ఊళ్లో షేరు కొన్న మామూలు మదుపరికి ఎలా తెలుస్తుంది? అతనికి కనిపించింది పెరుగుతున్న ధర ఒక్కటే.

1992 ఏప్రిల్ 22న బొంబాయి సెన్సెక్స్ 4,467కు చేరింది. 1991 మొదట్లో అది సుమారు 1,000 దగ్గర ఉండేది. మరునాడు, ఏప్రిల్ 23న, స్టేట్ బ్యాంకు సొమ్ము సంగతి టైమ్స్ ఆఫ్ ఇండియాలో పాత్రికేయురాలు సుచేతా దలాల్ బయటపెట్టారు. ఏప్రిల్ 28న ఒక్కరోజే సూచీ 570 పాయింట్లు, అంటే 12 శాతానికి పైగా పడిపోయింది. బ్యాంకుల డబ్బు ఆగిపోయాక కొనేవారు లేరు. ఏడాది తిరిగేసరికి సూచీ దాదాపు సగానికి వచ్చింది. రిజర్వు బ్యాంకు నియమించిన జానకీరామన్ కమిటీ లెక్క ప్రకారం ఇందులో చిక్కుకున్న సొమ్ము సుమారు 4,000 కోట్ల రూపాయలు. అనేక కేసులు నడుస్తుండగానే 2001 డిసెంబరు 31న హర్షద్ మెహతా కస్టడీలో మరణించారు.

5. దూరాన ఉన్న మదుపరి

ఒక చిన్న పట్టణంలో ఉద్యోగిని ఊహించుకుందాం. 1992 ఏప్రిల్లో అతను 40,000 రూపాయలతో, ఒక్కోటి 8,000 చొప్పున ఐదు సిమెంటు షేర్లు కొన్నాడు. ఎలా కొన్నాడు? పత్రికలో నిన్నటి ధర చూశాడు. తెలిసిన సబ్ బ్రోకరుకు చెప్పాడు. అతను పెద్ద బ్రోకరుకు ఫోను చేశాడు. బొంబాయి దలాల్ వీధిలో అప్పట్లో బేరమంతా కేకలతో, చేతి సైగలతో జరిగేది. మన ఉద్యోగికి ఏ నిమిషంలో, ఏ ధరకు కొన్నారో తెలిసే మార్గం లేదు. ఆ రోజు పలికిన అన్నిటికన్నా ఎక్కువ ధర వేసినా కాదనలేడు.

ఆ తర్వాత షేరు పత్రాలు, బదిలీ పత్రం పోస్టులో రావాలి. వాటిని కంపెనీకి పంపితే పేరు మారి తిరిగి రావడానికి నెలలు పట్టేది. అమ్మినవారి సంతకం సరిపోలకపోతే మళ్లీ మొదటికి. ఈలోగా ధర పడిపోతే అమ్ముదామన్నా చేతిలో కాగితం ఉండదు.

అదే సమయంలో బొంబాయిలో ఉన్న పెద్ద బేరగాడికి బద్లా అనే సౌకర్యం ఉండేది. పూర్తి డబ్బు కట్టకుండా, కొంత రుసుము ఇచ్చి, బేరాన్ని తర్వాతి గడువుకు జరుపుకోవచ్చు. కాబట్టి ఒకే షేరులో ఇద్దరూ ఉన్నా వారి ఆట ఒకటి కాదు. ఒకరు అప్పు మీద, క్షణాల్లో తెలిసే ధరతో ఆడుతున్నారు. మరొకరు సొంత పొదుపుతో, నిన్నటి ధర చూసి కొన్నారు. 9,000కు అమ్మినవారు ఉన్నారంటే ఆ ధరకు కొన్నవారూ ఉండాలి కదా. ఆ కొన్నవారిలో ఎక్కువగా ఉండేది ఆలస్యంగా వచ్చిన ఇలాంటివారే అని నా అభిప్రాయం. ధర పెరిగిన కబురు ఊరికి చేరేసరికి బాగా పెరిగి ఉంటుంది మరి.

మరో ఇబ్బంది కూడా వచ్చింది. 1992లో చేసిన ప్రత్యేక చట్టం కింద నిందితుల ఆస్తులు జప్తయ్యాయి. వారి చేతుల మీదుగా మారిన షేర్లను, ఆ సంగతి తెలియకుండా కొన్నవారు కూడా తమ పేర మార్పించుకోలేక ఇబ్బంది పడ్డారు. వీటిని కళంకిత షేర్లు అన్నారు. డబ్బు కట్టారు, పత్రం చేతిలో ఉంది, పేరు మాత్రం మారదు.

6. తర్వాత ఏం మారింది?

1988లో ఏర్పడిన సెబీకి 1992లో చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్చేంజిలో కంప్యూటరు మీద షేర్ల వ్యాపారం మొదలైంది, 1995లో బొంబాయిలోనూ వచ్చింది. బేరం జరిగిన సమయం, ధర ఇప్పుడు కాంట్రాక్టు నోటులో నమోదవుతాయి. 1996లో డిపాజిటరీ వచ్చాక కాగితపు పత్రాల స్థానంలో డీమాట్ ఖాతాలు వచ్చాయి. బద్లాను 2001లో నిషేధించారు. 2023 జనవరి నుంచి షేర్లు, డబ్బు మరుసటి పనిదినానికే చేతులు మారుతున్నాయి. 1943లో ఏర్పడిన హైదరాబాదు స్టాక్ ఎక్స్చేంజి ఈ మార్పుల్లో నిలవలేక 2007లో గుర్తింపు కోల్పోయింది.

ఇవన్నీ మదుపరిని మోసం నుంచి కొంతవరకు కాపాడతాయి. ఎక్కువ ధరకు కొనడం నుంచి కాపాడవు. 450 ఏళ్ల సంపాదన ఇచ్చి వాటా కొంటానంటే కంప్యూటరు క్షణంలో కొనిపెడుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు – 2
(అ) 40,000 పెట్టి కొన్న షేర్ల ధర 50 శాతం పడిపోయింది. అసలు తిరిగి రావాలంటే అక్కడి నుంచి ఎంత శాతం పెరగాలి?
(ఆ) పత్రికలో ధర చూసి కొన్న మదుపరికి, బొంబాయి బేరగాడికి ఉన్న రెండు తేడాలు రాయండి.

చేసి చూడండి
మీకు తెలిసిన సిమెంటు, ఇనుము లేదా పెంకుల కంపెనీని ఒకదాన్ని ఎంచుకోండి. కొనవద్దు, రాసుకోండి చాలు. దాని షేరు ధర, ఒక్కో షేరు వార్షిక సంపాదన నోటుబుక్కులో పక్కపక్కన రాసి, నిష్పత్తి కట్టండి. నెల తర్వాత మళ్లీ ఆ రెండు అంకెలూ చూసి, ఏది మారిందో గుర్తించండి. మీ జవాబును అధ్యయన కేంద్రంలో తోటివారి జవాబుతో పోల్చి చూసుకోండి.

జవాబులు
1. (అ) 360ను 12తో భాగిస్తే 30. (ఆ) ముఖవిలువ.
2. (అ) 100 శాతం. 20,000 మళ్లీ 40,000 కావాలంటే రెట్టింపు కావాలి. (ఆ) 5వ భాగం చూడండి. ధర ఎప్పుడు తెలుస్తుంది, డబ్బు ఎవరిది అన్న రెండూ మీ జవాబులో ఉండాలి.